మనోరోగుల పరిచర్య

ఇబ్రహీంపట్నము వీథులలో బాలురు కలహించునపుడు "నిన్ను ఎర్రగడ్డకు పంపవలెను" అని పరిహసించుకొనుట వినబడుచుండును. ఎర్రగడ్డ హైదరాబాదు నగరములోని యొక పేట. జాల్నాయందుండిన మానసిక చికిత్సాలయము 1953 లో అచటికి మార్చబడినది. అంతటితో ఆ పేట పేరే వెక్కిరింతయైనది. పాపము, ఆ పేట చేసిన తప్పేమి? అట్టి చికిత్సాలయములలో జరుగు పని యెట్టిదో యెఱిగినవారు ఆ పేరు నట్లు వాడరు.

శరీరమునకు వలెనే మనస్సునకును వ్యాధులు వచ్చును. వైద్యుడు వ్యాధిని నిర్ణయించి మందు వ్రాయును. కాని యాతడు రోగికడ నుండునది కొలది నిమిషములే. పగలును రాత్రియు దగ్గర నుండునది నర్సు. రోగి యెంతసేపు నిద్రించెను, మాత్రను మ్రింగెనా లేక నాలుక క్రింద దాచెనా, మందువలన చేతులు వణకుచున్నవా అను విషయములను గమనించి వ్రాసి యుంచునది ఆమెయే.

ఇంతకంటె కష్టమైన పని వేరొకటి కలదు. ఒక రోగికి తనను తిట్టు గొంతులు వినబడుచున్నవనుకొనుడు. "అంతయు భ్రమ" అని కొట్టివేసినచో అతడు మరల నోరు విప్పడు. "నాకును వినబడుచున్నవి" అన్నచో భ్రమ బలపడును. నేర్పుగల నర్సు ఈ రెండును చేయదు. "అన్నా, నాకు వినబడుట లేదు. కాని అవి మిమ్ము భయపెట్టుచున్నవని తెలియుచున్నది. నే నిచటనే కూర్చుందును" అనును. మరియొకడు అన్నములో విషము కలిపిరని శంకించి పస్తుండును. ఆమె వాదింపక, పెంకు తీయని ఉడికిన గ్రుడ్డును, తొక్క తీయని అరటిపండును వాని ముందుంచును. తన చేతితో ఒలుచుకొన్న దానిని అతడు నమ్మి తినును. అలిగి అన్నము మానిన తమ్ముని బుజ్జగించి యెఱిగినవారికి ఇందలి యోర్పు ఎంతటిదో తెలియును. బ్రతుకుపై విసిగినవానిని ఆమె ఒంటరిగా విడువదు. చనిపోవలెనను తలంపు కలదా యని మెల్లగా, సూటిగా అడుగును. అడిగినంత మాత్రమున ఆ తలంపు పుట్టదు. లోపలి భారము కొంత తగ్గును.

పూర్వము పెక్కు దేశములందు ఇట్టివారిని సంకెలలతో బంధించెడివారు. పారిస్ నగరమునందలి బిసెత్రు ఆసుపత్రిలో 1797 లో ఇనుప సంకెలలను తీసివేయించినవాడు వైద్యుడు కాడు. ప్యుసాఁ అను పరిచారకుల పెద్ద. అతడు ఒకప్పుడు కంఠమాల వ్యాధితో అచటికి రోగిగా వచ్చినవాడే! వైద్యుడైన పినెల్ పేరు లోకమున నిలిచినది. ప్యుసాఁ పేరు వినినవారు తక్కువ. మన దేశమున 1950 తరువాతి దశకములో అమృతసరమున వైద్యుడు విద్యాసాగర్ ఆసుపత్రి యావరణములో డేరాలు వేయించి, రోగులతోపాటు వారి బంధువులను గూడ ఉంచెను. వారు పరిచర్య నేర్చుకొని రోగులతో ఇండ్లకు మరలిరి.

అయినను సంకెల నశింపలేదు. 2001 ఆగస్టు 6 న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియుండుటచే పారిపోజాలక 28 మంది మనోరోగులు మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో బంధించుటను నిషేధించినది.

రోగి యింటికి పోవునాడు నర్సు తల్లిని పిలిచి, కుదురుగా నిద్ర పట్టినదని మందు మానరాదనియు, నిద్ర చెడినను, మాటలు తగ్గినను వెంటనే తీసికొని రావలెననియు చెప్పును. అటుపైన ఆమె చేయి అందదు. ఇంటికడ ఇరుగుపొరుగువారు "ఎర్రగడ్డనుండి వచ్చినాడు" అని నవ్వినచో అతడు గడప దాటడు. మందుకై బస్సెక్కి నగరమునకు పోవుటకును సిగ్గుపడును. నెలల తరబడి జరిగిన పరిచర్య యంతయు ఒక్క నవ్వుతో వ్యర్థము కావచ్చును. బయలుదేర వెనుదీయువారి కొఱకును, దూరమున నున్నవారి కొఱకును ప్రభుత్వము 2022 లో టెలి మానస్ అను ఉచిత టెలిఫోను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను పిలిచి తెలుగులోనే మాటాడవచ్చును.