డెబ్బయ్యవ నిమిషం తరువాత

వారాంతపు ఫుట్‌బాల్ పోటీ నడుస్తున్నది. మైదానం లేదు, పచ్చిక లేదు, బంతిని తన్నే కాలు కూడ లేదు. కంప్యూటర్ తెరమీద అప్పుడప్పుడు ఒక వాక్యం ప్రత్యక్షమవుతుంది: ఎడమ అంచునుంచి దాడి జరిగింది, గోల్‌కీపర్ బంతిని ఆపాడు, ఎవరో కాలు బెణికి కుంటుతున్నాడు. అరవై నిమిషాలు గడిచేసరికి ఆతిథ్య జట్టు రెండు గోల్స్ ఆధిక్యంలో ఉన్నది. ఆ జట్టు నిర్వాహకుడు నిశ్చింతగా ఉండవలసినవాడే. కాని ఆయన కళ్లు గడియారాన్ని విడిచిపెట్టడం లేదు. తన మధ్యవరుస ఆటగాళ్ల నైపుణ్యం ఎంతటిదో ఆయనకు తెలుసు. వారి దమ్ము ఎంత తక్కువో కూడ తెలుసు. డెబ్బయ్యవ నిమిషం తరువాత ఏమి జరగబోతున్నదో ఆయనే కొన్ని నెలల క్రితం నిర్ణయించి ఉన్నాడు.

ఈ ఆట పేరు హ్యాట్రిక్. 1997లో స్వీడన్‌లో బ్యోర్న్ హోల్మేర్ అనే వ్యక్తి దీనిని ప్రారంభించాడు. ఇంటర్‌నెట్ ద్వారా పలు దేశాలవారు ఆడే ఈ ఆటలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఊహా క్లబ్బు ఉంటుంది. నిర్వాహకుడు బంతిని ముట్టుకోడు. ఆటగాళ్లను కొంటాడు, అమ్ముతాడు, జట్టు కూర్పును ముందుగా పంపుతాడు, వారానికొకసారి శిక్షణ ఫలితం చూసుకుంటాడు. పోటీ మాత్రం నిజమైన పోటీలాగే గంటన్నర సేపు సాగుతుంది. తొందరపడేవారికి ఇది బొత్తిగా పనికిరాని వినోదం. ఆటగాళ్ల శక్తియుక్తులను ఇందులో మాటలతో అంచెలంచెలుగా కొలుస్తారు. అట్టడుగున ఉన్నవానికి ఆ విద్య ‘లేనేలేదు’. శిఖరాన ఉన్నవానిది ‘దివ్యం’. పదిహేడేళ్ల కుర్రవాణ్ణి ఒక మెట్టు ఎక్కించడానికి వారాలు పడతాయి. అతడు జట్టుకు ఆధారమయ్యేసరికి నిజజీవితంలో ఏళ్లు గడిచిపోతాయి.

ఈ నిదానమైన వ్యవసాయంలో అన్నిటికన్న చిక్కైన లెక్క దమ్ముది. నిర్వాహకుడు ప్రతివారం తన శిక్షణ కాలంలో నూటికి ఇంత అని దమ్ముకు కేటాయించాలి. మిగిలినదే నైపుణ్యానికి దక్కుతుంది. పిండి కొద్దీ రొట్టె. దమ్ము పాలు పెంచితే ఈ వారం ఆట చివరిదాకా జట్టు నిలుస్తుంది, కాని ఆ కుర్రవాడు మెట్టు ఎక్కే రోజు వెనక్కు జరుగుతుంది. తగ్గిస్తే కుర్రవాడు త్వరగా ఎదుగుతాడు, జట్టు మాత్రం రెండవ అర్ధభాగంలో నీరసిస్తుంది. విరామ సమయంలో ఆటగాళ్లు కొంత కోలుకుంటారన్న మాట నిజమే. అయినా ఆ కోలుకోవడం అరువు తెచ్చుకున్న సొమ్మువంటిది; ఎక్కువసేపు నిలవదు.

వయసు ఈ లెక్కను మరింత బిగిస్తుంది. పడుచువానికి కొద్దిపాటి శిక్షణతోనే దమ్ము నిలుస్తుంది. ముప్పయ్యేళ్లు దాటినవానికి అదే పాలు చాలదు. వారం వారం కొంత కరిగిపోతూనే ఉంటుంది. కనుక పాత కాపులతో కప్పు గెలవాలనుకునే క్లబ్బు ఎక్కువ దమ్ము పన్ను కట్టాలి. కుర్రవాళ్లను పెంచి అమ్ముకునే క్లబ్బుకు ఆ బెంగ తక్కువ. ఇక ప్రత్యర్థిని ఊపిరి సలపనీయకుండా వెంటాడే వ్యూహాన్ని ఎంచుకున్నవాని దమ్ము ఇంకా వేగంగా ఖర్చవుతుంది. కొందరు నేర్పరులు ఈ బలహీనతను కూడ ఆయుధంగా మార్చుకున్నారు. దమ్ము తక్కువైన నిపుణుణ్ణి గంటసేపు ఆడించి, ఫలానా నిమిషంలో తాజా ఆటగాణ్ణి దింపవలసిందని ముందుగానే ఆజ్ఞ వ్రాసి ఉంచుతారు. అయితే ఆ తాజా ఆటగానికీ జీతమివ్వాలి కదా!

తెరమీది ఈ లెక్కకు మైదానంలో గట్టి ఆధారమే ఉన్నది. 1976లో ఇంగ్లండ్‌లో రైలీ, థామస్ అనే పరిశోధకులు వృత్తి క్రీడాకారుల కదలికలను అడుగడుగునా లెక్కించి, ఒక పోటీలో ఒక్కొక్కరు సగటున ఇంచుమించు 8.7 కిలోమీటర్లు తిరుగుతున్నారని తేల్చారు. నేటి ఆటగాళ్లు పది పన్నెండు కిలోమీటర్లు తిరగడం పరిపాటి. అందులోనూ మధ్యవరుసవారి వంతే ఎక్కువ. ఈ పరుగుకు ముఖ్యమైన ఇంధనం కండరాలలో నిలువ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం. స్వీడన్ శరీరశాస్త్రవేత్త బెంగ్ట్ సాల్టిన్ 1973లో ప్రకటించిన పరిశీలనలో, ఆ నిలువ తక్కువగా ఉండి ఆటకు దిగినవారు తిరిగిన దూరంలో సగం నడకతోనే సరిపెట్టారు. 2003లో డెన్మార్క్ పరిశోధకులు మోర్, క్రుస్ట్రుప్, బాంగ్స్‌బో మరొక సంగతి చెప్పారు: మేటి ఆటగాళ్లు సైతం చివరి పావుగంటలో వేగపు పరుగులు బాగా తగ్గించివేస్తున్నారు.

దమ్మును పెంచే మార్గమూ కొలతకు అందింది. 2001లో నార్వేలో హెల్గెరుడ్ బృందం యువ ఆటగాళ్లచేత గుండె వేగం గరిష్ఠంలో 90-95 శాతానికి చేరేటట్లు నాలుగు నిమిషాలు పరుగెత్తించి, మూడు నిమిషాలు నెమ్మదిగా ఉరికించి, ఈ విధంగా నాలుగు పర్యాయాలు చేయించింది. వారానికి రెండు రోజులు, ఎనిమిది వారాలు. పోటీలో వారు తిరిగిన దూరం నూటికి ఇరవై వంతులు పెరిగింది.

తెరమీది ఆటలో లేని ప్రమాదం ఒకటి మైదానంలో ఉన్నది. అక్కడ దమ్ము శిక్షణ ఎంత పెంచినా పోయేది నైపుణ్యం నేర్చే కాలమే. మనిషి అరిగిపోడు. కీవ్ నగరపు డైనమో జట్టు చరిత్ర వేరు. దాని శిక్షకుడు వలేరీ లొబనోవ్‌స్కీ ఇంజనీరింగ్ చదివినవాడు. శాస్త్రజ్ఞుడు అనతోలీ జెలెంత్సోవ్‌ను తోడు చేసుకుని ప్రతి ఆటగాని శ్రమను అంకెలలో కొలిచేవాడు. 1975లో ఆ జట్టు బాసెల్‌లో హంగెరీ జట్టు ఫెరెన్త్స్వారోష్‌ను 3-0తో ఓడించి యూరప్ కప్పు విజేతల కప్పును గెలిచింది. మరుసటి ఏడు అదే జట్టును దాదాపు యథాతథంగా సోవియట్ జాతీయ జట్టుగా కూడ ఆడించారు. మార్చి నెలలో ఫ్రెంచి జట్టు సెంట్ ఎతియెన్‌ను తొలి పోటీలో 2-0తో గెలిచినవారు, తిరుగు పోటీలో అదనపు సమయం ఆడవలసివచ్చి 0-3తో ఓడిపోయారు. మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కంచు పతకంతో తృప్తిపడ్డారు. ఆ ఏడే ఆటగాళ్లు శిక్షణ భారంపై తిరుగుబాటు చేశారు. లొబనోవ్‌స్కీ పదవి నిలిచింది. సహచరుడు బజిలేవిచ్ వెళ్లిపోవలసివచ్చింది. ఎన్ని అంకెలు వ్రాసుకున్నా మనిషి ఎప్పుడు విసిగిపోతాడో చెప్పే అంకె ఆ పట్టికలో లేకపోయింది.

మన దేశానికి ఈ లెక్క కొత్తది కాదు. 1951లో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ పోటీలు 80 నిమిషాలే. భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. అప్పటి శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, పూర్వాశ్రమంలో బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును ఇంటికి తెచ్చింది. మరుసటి ఏడే, 1952లో, హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓటమి. నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో నాలుగవ స్థానం. ఆటగాళ్లు అంచనాలు తారుమారు చేయడం ఆయన చూశాడు. తాను కూడ చేశాడు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల అంతిమ పోటీ జరిగింది. అంతకుముందు తమను 2-0తో ఓడించిన దక్షిణ కొరియాయే మళ్లీ ఎదురు నిలిచింది. స్టేడియంలో లక్షమంది, వారిలో అత్యధికులు భారత్‌కు వ్యతిరేకులు. పదిహేడవ నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యవ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. జర్నైల్ తలకు అంతకుముందు తగిలిన గాయానికి కుట్లు పడి ఉన్నవి. ఇక మిగిలినవి డెబ్బై నిమిషాలు. ఆధిక్యాన్ని నిలుపుకోవడం గోల్ చేయడంకన్న దీర్ఘమైన పని. ఎనభై ఐదవ నిమిషంలో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చింది. తరువాతి నిమిషాలలో భారత వరుస చెదరలేదు. 2-1తో స్వర్ణం దక్కింది. అప్పటికే కేన్సర్ పీడితుడైన రహీం 1963 జూన్‌లో కన్నుమూశాడు.

తెరమీది పోటీకి తిరిగివస్తే, డెబ్బై మూడవ నిమిషంలో మొదటి గోల్ తగ్గింది, ఎనభై ఎనిమిదవ నిమిషంలో రెండవది. ఫలితం 2-2. నిర్వాహకుడు ఎవరినీ నిందించలేదు. నిందించడానికి తానొక్కడే ఉన్నాడు. శిక్షణ పట్టిక తెరిచి, దమ్ము పాలును కొద్దిగా పెంచి, తన పదిహేడేళ్ల కుర్రవాని పేరు దగ్గర ఆగాడు. వాడు మెట్టు ఎక్కడానికి ఇక మరికొన్ని వారాలు ఎక్కువ పడుతుంది. ఆ అంకెను కాసేపు చూసి, తాను పెంచినదానిలో సగం మళ్లీ తగ్గించాడు.