వెయిటింగ్ లిస్టులో ఆరో నంబరు

ఇంగ్లండులో నాలుగేళ్ల పిల్లలున్న తెలుగువాళ్ల ఇళ్లల్లో ఏప్రిల్ 16 అంటే ఇంటర్ రిజల్ట్స్ రోజు లాంటిది. సెప్టెంబరులో రిసెప్షన్ క్లాసులో చేరాల్సిన పిల్లలకి ఏ ప్రభుత్వ బడిలో సీటొచ్చిందో ఆ రోజే చెప్తారు. జనవరి 15 లోపు కౌన్సిలుకి దరఖాస్తు పెట్టుకోవాలి. చాలాచోట్ల మూడు బడుల పేర్లు రాయనిస్తారు, లండన్‌లో అయితే ఆరు. ఆ తర్వాత మూడు నెలలు ఎదురుచూడ్డమే.

మా పెద్దదానికి మేం రాసిన మూడు బడుల్లో ఒక్కటీ రాలేదు. మొదటిది ఇంటినుంచి తొమ్మిది నిమిషాల నడక. వచ్చింది మేం అసలు రాయని నాలుగో బడి, 1.8 మైళ్ల దూరంలో. రాసినవాటిల్లో ఎక్కడా ఖాళీ లేకపోతే, ఖాళీ ఉన్న బడుల్లో దగ్గర్లోది చూసి కౌన్సిలే ఇచ్చేస్తుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి దగ్గర్లో ఖాళీ ఉన్న బడి 2 మైళ్లు దాటి ఉంటేనే ఉచిత రవాణా హక్కు. మాది ఆ గీతకి ఇవతలే ఆగిపోయింది. మాకు కారు లేదు. చంకలో ఏడాది పిల్లాడు, వారంలో మూడు రోజులు నా ఆఫీసు ఇంకో ఊళ్లో. రెండు బస్సులు మారి పొద్దున్నే దింపడం, మళ్లీ మూడింటికి తీసుకురావడం మా ఆవిడ వంతు. పైగా ఇది ఒక్కరి సంగతి కాదు. చాలా బడుల్లో అక్కో అన్నో ఉంటే తర్వాత పిల్లలకి ప్రాధాన్యం ఉంటుంది. అంటే పెద్దది ఎక్కడ స్థిరపడితే మూడేళ్ల తర్వాత చిన్నాడూ అక్కడే.

మా నాన్నకి ఫోన్లో చెప్తే మొదట అడిగింది, "అక్కడ ఎవర్నైనా పట్టుకోలేవట్రా?" అని. ఆయన తప్పేం లేదు. నన్ను ఒకటో తరగతిలో చేర్చడానికి ఆయన ఇద్దరి చేత చెప్పించి, డొనేషను కట్టి, ప్రిన్సిపాల్ గది బయట రెండు పూటలు నిలబడ్డారు. ఇక్కడ పట్టుకోడానికి ఎవరూ ఉండరు. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే ఎవరికి ముందు ఇవ్వాలో ప్రతి బడీ ముందే రాసి ప్రకటించాలి. ప్రత్యేక అవసరాల ప్లాన్‌లో ఆ బడి పేరున్న పిల్లలు, ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలు ముందు. తర్వాత చాలాచోట్ల తోబుట్టువులు, ఆ తర్వాత దూరం. చర్చి బడుల్లో మతం కూడా లెక్కలోకి వస్తుంది. మా బడిలో ఆ ఏడు చివరి సీటు వెళ్లిన పిల్లాడి ఇల్లు 0.412 మైళ్లు. మా ఇల్లు 0.448. మైలులో మూడో దశాంశం దాకా కొలుస్తారని నాకు అప్పుడే తెలిసింది.

ఇక వాట్సాప్ గ్రూపుల్లో సలహాలకి కొదవ లేదు. వాటిల్లో రెండు చాలా ప్రమాదకరం. ఒకటి, "ఫారంలో ఒక్క బడి పేరే రాస్తే గతిలేక అదే ఇస్తారు" అన్నది. ఇవ్వరు. మీరు దాన్ని ఎన్నో స్థానంలో రాశారో, ఇంకేం రాశారో బడికి తెలియదు. ప్రతి బడి లిస్టులోనూ మీ పిల్లల్ని దాని నియమాల ప్రకారమే విడిగా చూస్తారు. ఒకటికంటే ఎక్కువ చోట్ల అర్హత వస్తేనే మీ వరుసక్రమం చూసి పైది ఇస్తారు. ఒక్కటే రాస్తే మిగతా అవకాశాలు పోగొట్టుకోవడమే. రెండోది, "వచ్చిన సీటు వద్దనండి, అప్పుడు వెయిటింగ్ లిస్టులో పైకి జరుపుతారు" అన్నది. అదీ జరగదు. వచ్చిన సీటు ఒప్పుకున్నా వెయిటింగ్ లిస్టుకీ, అప్పీలుకీ ఏ నష్టమూ లేదు. వద్దంటే మాత్రం సెప్టెంబరులో ఏ బడీ లేకుండా మిగిలే ప్రమాదం ఉంది. మేం మర్నాడే ఒప్పుకున్నాం, అదే రోజు మొదటి బడి వెయిటింగ్ లిస్టులో పేరు ఉంచమని రాశాం. నంబరు ఆరు అన్నారు.

వెయిటింగ్ లిస్టు అనగానే మన బుర్రలోకి రైలు టికెట్టు వస్తుంది. గౌతమిలో డబ్ల్యూఎల్ 6 అంటే రేపటికి 4 అవుతుంది, చార్టు తయారయ్యేసరికి కనీసం ఆర్ఏసీ. ఇక్కడ లెక్క వేరు. ముందు వచ్చినవాళ్లకి ముందు అన్నది ఇక్కడ నిషేధం. కొత్త పేరు చేరినప్పుడల్లా లిస్టుని మళ్లీ అవే నియమాల ప్రకారం పేర్చాలి. నిన్నకాక మొన్న బడి పక్క వీధిలో అద్దెకి దిగినవాళ్లు మనకంటే పైకి వెళ్లిపోతారు. మా ఆరు మే నెలాఖరుకి ఎనిమిది అయింది. మా ఆవిడ ఆ మెయిల్ రెండుసార్లు చదివి, "ఇదేం క్యూ అండీ, నిలబడ్డకొద్దీ వెనక్కి పోతోంది" అంది. అయినా న్యాయంగా ఆలోచిస్తే, పక్క వీధి పిల్లకి ఆ బడి మాకంటే దగ్గరే కదా.

అప్పీలు సంగతి. సీటు ఇవ్వనన్న ప్రతి బడి మీదా అప్పీలు చేసుకునే హక్కు ఉంది, రుసుము లేదు. ఉత్తరం వచ్చాక కనీసం 20 బడి దినాల గడువు ఇవ్వాలి. కానీ రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 క్లాసులకి ఒక పెద్ద అడ్డుగోడ ఉంది. 1998లో వచ్చిన చట్టం ప్రకారం ఈ చిన్నపిల్లల క్లాసుల్లో ఒక టీచరుకి 30 మందికి మించి ఉండకూడదు. కవలల్లో ఒకరికి ముప్పయ్యో సీటు వస్తే రెండోవాళ్లని తీసుకోవడం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. అందుకని ఈ క్లాసుల అప్పీల్లో ప్యానెల్ చూసేవి ముఖ్యంగా మూడే. ఇంకో పిల్లని చేర్చుకున్నా 30 దాటదా? ప్రవేశ నియమాలు చట్టానికి విరుద్ధంగా ఉండటం వల్లో, వాటిని తప్పుగా అమలు చేయడం వల్లో ఈ పిల్లకి రావాల్సిన సీటు పోయిందా? బుద్ధున్న అధికారి ఎవరూ తీసుకోనంత అసంబద్ధమైన నిర్ణయమా? మూడో దానికి పట్టు చాలా గట్టిది. ఇంట్లో చంటిపిల్లాడు, రెండు బస్సులు, ఉద్యోగం అన్నవి అక్కడిదాకా చేరవు. అదే ఇయర్ 3 నుంచి పై క్లాసులకైతే మన ఇబ్బందినీ, బడి ఇబ్బందినీ త్రాసులో వేసి చూస్తారు. అక్కడ కారణాలకి బరువుంటుంది.

ఇదంతా తెలిసే అప్పీలు వేశాం. మాకు కావాల్సింది ఒకటే, ఆ దూరాల లెక్క మా ఎదుట ఎవరైనా మళ్లీ చూడాలి. విచారణ జూన్‌లో, వీడియో కాల్లో జరిగింది. ప్యానెల్లో ముగ్గురు, నోట్సు రాసుకునే క్లర్కు ఒకరు. ఆ ముగ్గురూ బడితో సంబంధం లేనివాళ్లు అయి ఉండాలి. ముందు బడి తరఫు అధికారి 60 సీట్లు, రెండు క్లాసులు, ఇద్దరు టీచర్లు అని లెక్క చెప్పారు. తర్వాత మేం ప్రశ్నలు అడగచ్చు. మా ఆవిడ ముందే రాసిపెట్టుకుంది. దూరం ఏ గుమ్మం నుంచి ఏ గేటుకి కొలిచారు? ఫ్లాట్లకి ఎలా కొలుస్తారు? చివరి సీటు వచ్చినవాళ్ల చిరునామా తనిఖీ చేశారా? అన్నిటికీ కాగితాలు చూపించి జవాబిచ్చారు. ఛైర్మన్‌గా ఉన్న పెద్దావిడ చివర్లో, "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగింది. మా ఆవిడ బస్సుల సంగతి చెప్పింది. ఆవిడ ఓపిగ్గా మొత్తం విని, రాసుకుంది. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది, కుదరదని. లెక్క సరిగ్గానే ఉంది. ఓడిపోయినా, మా మాట వినకుండా పంపేశారన్న బాధ మాత్రం మిగల్లేదు.

సెప్టెంబరులో ఆ దూరం బడికే పంపాం. బడి మంచిదే. టీచరమ్మ మొదటి వారంలోనే మా పిల్ల పేరు సరిగ్గా పలకడం నేర్చుకుంది. కోట్లు తగిలించుకునే కొక్కేల దగ్గర ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ అంటించారు, మా దానిది తాబేలు. వానొస్తే మాత్రం బస్టాపులో తల్లీ పిల్లలూ ముగ్గురూ తడిసేవాళ్లు. ఈలోగా లిస్టు కదులుతూనే ఉంది. ప్రైవేటు బడికి వెళ్లినవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, వేరే దేశం వెళ్లినవాళ్లు సీట్లు వదులుతుంటారు. జులైలో ఐదు, సెప్టెంబరులో రెండు. అక్టోబరు రెండో వారంలో ఫోను, సీటుంది, రెండు రోజుల్లో చెప్పండి అని.

ఆర్నెల్లు ఎదురుచూసిన ఫోను అది. తీరా వచ్చాక ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. అప్పుడప్పుడే కుదురుకున్న పిల్లని కదపడం ఎందుకని నేను. ఏడేళ్లు ఈ బస్సులు ఎవరు ఎక్కుతారని ఆవిడ. బస్సు ఎక్కేది నేను కాదు కాబట్టి ఆవిడ మాటే నెగ్గింది, నెగ్గాలి కూడా. పిల్లకి చెప్తే, "మరి నా తాబేలు ఎవరికిస్తారు?" అని అడిగింది. అక్కడా అప్పటికి లిస్టులో పిల్లలున్నారు. వాళ్లలో ఒకరింటికి మర్నాడు ఫోను వెళ్లే ఉంటుంది. కొత్త బడిలో రెండు వారాలు గేటు దగ్గర ఏడ్చింది, మూడో వారం వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయింది.

ఈ ఏడు దరఖాస్తు పెట్టుకునేవాళ్లకి నాలుగు మాటలు. గత సంవత్సరాల్లో చివరి సీటు ఎంత దూరానికి వెళ్లిందో చాలా కౌన్సిళ్లు తమ బుక్‌లెట్‌లో వేస్తాయి, ఇల్లు అద్దెకి తీసుకునే ముందే చూడండి. ఫారంలో అన్ని ఖాళీలూ నింపండి, కనీసం ఒకటి తప్పకుండా వచ్చే బడి రాయండి. వచ్చినదాన్ని ఒప్పుకోండి. వెయిటింగ్ లిస్టు డిసెంబరు 31 దాకా నడపడం తప్పనిసరి. ఆ తర్వాత కూడా ఉంచాలంటే మళ్లీ అడగాలేమో కనుక్కోండి. ఇండియా నుంచి మధ్యలో దిగినవాళ్లు ఏ నెలలోనైనా దరఖాస్తు చేయచ్చు, వీసా కారణం చూపి సీటు కాదనడానికి లేదు. బిడ్డకి ఐదేళ్లు నిండాక వచ్చే టర్ము నుంచే చదువు తప్పనిసరి. కాబట్టి, వేసవిలో పుట్టిన పిల్లలకి కొన్నాళ్లు ఒంటిపూట బడి అడిగే హక్కు మీకుంది. గడువు జనవరి 15. సంక్రాంతి హడావుడిలో పడి మర్చిపోకండి, భోగి నాటికే పంపేయండి.