బంగాళాదుంపకు కావలసింది రాత్రి చలి

బంగాళాదుంప మట్టిలోపల ఊరేదే అయినా వృక్షశాస్త్రం దానిని వేరుగా కాక కాండంగా లెక్కిస్తుంది. దుంప మీద కనిపించే చిన్న గుంటలు, అంటే వాడుకలో ‘కళ్లు’ అనేవి, కాండపు కణుపుల దగ్గర ఉండే మొగ్గలే. మొక్క ఎదిగేటప్పుడు కాండంలో మట్టి కప్పిన భాగం నుంచి స్టోలన్లు అనే సన్నని కొమ్మలు అడ్డంగా సాగుతాయి. ఆకులు తయారుచేసిన పిండిపదార్థం ఆ కొమ్మల చివర్లకు చేరి నిలవ కావడంతో అవి ఉబ్బి దుంపలవుతాయి. చిలగడదుంప సంగతి వేరు, అది నిజంగా వేరే. పెరట్లో గానీ మిద్దె మీద గానీ బంగాళాదుంప పండించదలచినవారు ఈ తేడాను గ్రహిస్తే, ఈ పంటకు మట్టి ఎందుకు ఎగదోస్తారో, దుంపకు వెలుగు ఎందుకు తగలనివ్వరో వాటంతటవే బోధపడతాయి.

అయితే కుండీ, మట్టి, ఎరువుల కంటే ముందు ఆలోచించవలసింది కాలం గురించి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల మీద, నేటి పెరూ, బొలీవియా దేశాల ఎత్తయిన భూముల్లో వేల ఏళ్ల కిందట సాగులోకి వచ్చిన ఈ మొక్క ఇప్పటికీ చల్లని రాత్రులనే కోరుకుంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే దుంపలు చక్కగా ఏర్పడతాయి. అంతకు మించి వేడెక్కేకొద్దీ, దుంప కట్టమని స్టోలన్లకు అందవలసిన సంకేతం బలహీనపడటమే కాక, పగలు ఆకులు కూడబెట్టిన పిండిపదార్థంలో ఎక్కువ భాగం రాత్రి శ్వాసక్రియకే ఖర్చయిపోతుంది. ఫిబ్రవరిలో నాటిన మొక్క ఏపుగా, పచ్చగా పెరిగి కూడా అడుగున గోళీకాయలు మాత్రమే మిగల్చడానికి కారణం ఇదే తప్ప ఎరువుల లోపం కాదు.

తెలంగాణలో బంగాళాదుంపకు పేరున్న జహీరాబాద్ ప్రాంతపు రైతులు అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మధ్య వరకు విత్తడం ఈ లెక్కనుబట్టే. నాటిన నెల, నెలన్నరకు దుంప కట్టడం మొదలవుతుంది కాబట్టి ఆ దశ డిసెంబరు, జనవరి నెలల చలిలో పడాలి. సముద్రమట్టానికి ఎత్తుగా ఉండే మదనపల్లె, పలమనేరు వంటి ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతాలకు ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. కోస్తా పట్టణాల్లో చల్లని రాత్రులు కొద్దివారాలే కాబట్టి అక్కడివారు నవంబరులో నాటడం, దిగుబడి మీద ఆశను కాస్త తగ్గించుకోవడం మంచిది.

తరువాతి ప్రశ్న విత్తనం. ఇక్కడ విత్తనమంటే దుంపే. పూత తరువాత కాసే చిన్న ఆకుపచ్చని కాయల్లో అసలు గింజలున్నా అవి ఇంటి సాగుకు పనికిరావు, పైగా ఆ కాయలు విషపూరితం. కూరగాయల దుకాణంలో కొన్న దుంప ఒక్కోసారి మొలుస్తుంది, ఒక్కోసారి మొలవదు. తవ్వి తీసిన దుంపకు సుమారు రెండు నెలల పాటు నిద్రావస్థ ఉండటం, నిలవ ఉంచేటప్పుడు మొలకలు రాకుండా కొన్నిటికి మందు పట్టించడం ఇందుకు కారణాలు. పేనుబంక మోసుకొచ్చే వైరస్‌లు కూడా అలాంటి దుంపల్లో దాగి ఉండవచ్చు. అందువల్ల విత్తన దుంపలే కొనడం మేలు. 1949లో పట్నాలో మొదలై 1956లో సిమ్లాకు తరలిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ తన రకాలకు సిమ్లా దగ్గరి కుఫ్రీ పేరు పెడుతుంది; వాటిలో కుఫ్రీ లౌకర్ పీఠభూమి నేలలకు అనువైనది కాగా, కుఫ్రీ సూర్య కొంత వేడిని తట్టుకుంటుంది.

విత్తన దుంప కోడిగుడ్డంత ఉంటే చాలు. పెద్దదాన్ని ముక్కకు రెండు మూడు కళ్లు వచ్చేలా శుభ్రమైన కత్తితో కోసి, కోత మీద పొర కట్టేవరకు ఒకటి రెండు రోజులు నీడన ఆరబెట్టాలి. నాటడానికి పది, పదిహేను రోజుల ముందు ఎండ పడని వెలుతురులో పరచి ఉంచితే పొట్టిగా, గట్టిగా ఉండే మొలకలు వస్తాయి. చీకట్లో వచ్చే పాలిపోయిన పొడవాటి మొలకలు ముట్టుకుంటేనే విరుగుతాయి.

కుండీ లోతు 35-40 సెంటీమీటర్లు ఉండి, అడుగున నీరు పోయే రంధ్రాలుంటే అది పాత బకెట్టయినా, గ్రోబ్యాగయినా, గోనె సంచయినా ఒకటే. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి పదిహేను సెంటీమీటర్ల వరకు నింపి, ఒకటి రెండు దుంపలు పెట్టి, పైన మరో ఎనిమిది సెంటీమీటర్లు కప్పాలి. ఈ పంటకు కాస్త ఆమ్లగుణమున్న మట్టే నచ్చుతుంది. సున్నం కలిపినా, పచ్చి పేడ వేసినా దుంప మీద గజ్జి మచ్చలు రావడానికి ఆస్కారమిచ్చినట్లే. నేలలోనైతే అరవై సెంటీమీటర్ల ఎడంతో బోదెలు తీసి, మొక్కకూ మొక్కకూ ఇరవై సెంటీమీటర్లు వదులుతారు. నీరు నిలిచే నల్లరేగడి ఉన్న పెరట్లో కుండీయే నయం.

మొక్క జానెడు ఎదిగాక పైఆకులు మాత్రం బయట ఉండేలా మట్టి ఎగదోసి, రెండు వారాల తరువాత మరోసారి అదే పని చేయాలి. బయటపడిన దుంపకు వెలుగు తగిలితే అది పచ్చబడటంతో పాటు దానిలో సొలనిన్ అనే చేదు విషపదార్థం పెరుగుతుంది. ఉడికించినా అది పోదు. మట్టి ఎంత ఎత్తుకు పోస్తే అన్ని అంతస్తుల్లో దుంపలు కాస్తాయనే ప్రచారాన్ని మాత్రం నమ్మనవసరం లేదు, ఎందుకంటే చాలా రకాలు విత్తన దుంపకు కాస్త పైనున్న కణుపుల దగ్గరే కాపు ముగించేస్తాయి.

నీరు ఒక రోజు వరదలా పోసి మరో నాలుగు రోజులు మరచిపోతే దుంపలు పగులుతాయి. మట్టి ఎప్పుడూ తేమగా ఉండాలి, బురదగా కాదు. మిద్దె మీద నల్లని సంచుల మట్టి మధ్యాహ్నానికి కాగిపోతుంది గనుక చుట్టూ తడిగోనె చుట్టడం ఉపయోగకరం. టమాటా, వంగ, మిరప ఇదే కుటుంబానికి చెందినవి కాబట్టి అవి పెరిగిన మట్టిలో దీన్ని నాటకూడదు. 1845 నుంచి ఐర్లండ్ పంటను తుడిచిపెట్టి ఘోరమైన కరువు తెచ్చిన ఆకుమాడు తెగులు మబ్బు, చలి, తేమ కలిసినప్పుడు విజృంభిస్తుంది. ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గరే నీరు పోయడం, మచ్చపడ్డ ఆకుల్ని వెంటనే తీసి దూరంగా పారేయడం ఇంటి స్థాయిలో చేయగల జాగ్రత్తలు.

మూడు నెలలకు ఆకులు పసుపురంగుకు తిరిగాక నీరు ఆపి, పది రోజుల తరువాత కుండీని తిరగేయవచ్చు. దేశ సగటు దిగుబడి హెక్టారుకు ఇంచుమించు 25 టన్నులు. పైన చెప్పిన ఎడం ప్రకారం లెక్కవేస్తే మొక్కకు 300 గ్రాములు. నాలుగు కుండీల మీద ఇంటిల్లిపాదికి మూడు నాలుగు పూటల కూర వస్తే సాగు సఫలమైనట్లే. ఆ దుంపల్ని మరుసటి ఏటి విత్తనానికి దాచాలనుకోవడం వృథా ప్రయాస. శీతల గిడ్డంగి లేకుండా అవి మే నెల ఎండను దాటవు, దాటినా వైరస్ వల్ల ఏటేటా కాపు తగ్గుతుంది. అనుభవమున్న ఇక్కడి రైతులు సైతం విత్తనాన్ని ఉత్తరాది నుంచి కొత్తగా తెప్పించుకుంటారు.