‘స్విఫ్ట్ కోడ్ పంపు’ అని నాన్న మెసేజ్ పెడితే...

“ఒరే, చెల్లెలి ఫీజు డబ్బులు పంపిస్తా ఉండా. బ్యాంకు స్విఫ్ట్ కోడ్ పెట్టు.” కువైట్ నుంచి నాన్న వాట్సాప్ మెసేజ్. ఫీజు గడువు నాలుగు రోజులే. మీరు పాస్‌బుక్ తెరిచి, ఐఎఫ్‌ఎస్‌సీని ఫొటో తీసి పంపేశారు. ఇక్కడే తేడా కొట్టేది!

పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లకు ఈ గందరగోళం కొత్త కాదు.

ఐఎఫ్‌ఎస్‌సీ మన దేశం లోపలి లావాదేవీలకు. 11 అక్షరాలు, అయిదోది సున్నా. స్విఫ్ట్ కోడ్ (దీన్నే బిక్ అంటారు) దేశాల మధ్య పనిచేసేది. 8 లేదా 11 అక్షరాలు. స్టేట్ బ్యాంకుదే చూడండి: ‘ఎస్‌బీఐఎన్ - ఐఎన్ - బీబీ’. మొదటి నాలుగూ బ్యాంకు, తర్వాతి రెండూ దేశం, ఆ తర్వాతి రెండూ ప్రాంతం. చివర్లో మూడు అక్షరాలుంటే అది బ్రాంచి. స్టేట్ బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కూడా ‘ఎస్‌బీఐఎన్’ అనే మొదలవుతుంది. అందుకే చాలామంది పొరబడతారు.

స్విఫ్ట్ 1973లో బెల్జియంలో పుట్టిన సంస్థ. అది డబ్బు మోయదు. ‘ఈ ఖాతాలో ఇంత వెయ్యండి’ అనే మెసేజ్‌ను ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు చేరుస్తుంది, అంతే. అడ్రస్ తప్పయితే డబ్బు మధ్యలో ఆగొచ్చు, చార్జీలు పోగా వెనక్కీ వెళ్లొచ్చు.

మరి ఏం చేయాలి?

* మీ బ్రాంచికి స్విఫ్ట్ కోడ్ లేదా? కంగారొద్దు. చిన్న ఊళ్లలో చాలా బ్రాంచిలకు ఉండదు. ఏ కోడ్ ఇవ్వాలో బ్రాంచిలోనే అడగండి. గూగుల్‌లో దొరికిందల్లా పంపేయొద్దు.
* పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ చూసి కోడ్ ఇవ్వొద్దు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.
* ఐబాన్ అడిగితే, ఇండియాలో అది లేదని చెప్పండి. ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడ్ ఇవ్వండి.
* నాన్న ఎక్స్ఛేంజ్ నుంచి పంపుతుంటే చాలాసార్లు ఐఎఫ్‌ఎస్‌సీనే సరిపోతుంది. ముందే అడగమనండి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. స్విఫ్ట్ కోడ్ రహస్యమేమీ కాదు, ధైర్యంగా ఇవ్వొచ్చు. కానీ ‘డబ్బు రావాలంటే ఓటీపీ చెప్పండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే కట్ చేసేయండి. డబ్బు తీసుకోవడానికి ఓటీపీ, పిన్ అక్కర్లేదు. ఎడారి ఎండలో నాన్న సంపాదించిన డబ్బు అది!