ఫైళ్లు పోకుండా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేసుకోవడం

పరిచయం

కంప్యూటర్‌లోని ముఖ్య భాగాలు ఏవి, ఆపరేటింగ్ సిస్టమ్ ఏయే పనులు చేస్తుంది అనే విషయాలు ఇంతకు ముందు పాఠాలలో తెలుసుకున్నారు. ఈ పాఠం పూర్తిగా ఆచరణకు సంబంధించింది. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో పాత ఆపరేటింగ్ సిస్టమ్ స్థానంలో కొత్తది వేసుకోవాలి. అందులోని ఫొటోలు, అసైన్‌మెంట్లు, లెక్కలు, పాటలు ఒక్కటీ పోకూడదు. దీన్ని చదివిన తరువాత ఆ పనిని మీరే చేసుకోగలగాలి. షాపులో ఇచ్చి చేయించుకున్నా, అక్కడ ఏమి అడగాలో, ఏమి వద్దనాలో మీకు తెలిసి ఉండాలి.

ఇప్పుడే ఈ విషయం ఎందుకంటే, మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2015 జులైలో వచ్చిన వ్యవస్థ అది. ముగిసిందంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిచేసే నవీకరణలు ఇక మామూలుగా అందవు. ఆ కంప్యూటర్‌లోనే బ్యాంకు లావాదేవీలు చేసేవారికి, పరీక్ష ఫీజు కట్టేవారికి ఇది చిన్న విషయం కాదు. ఇంటి వాడకందారుల కోసం 2026 అక్టోబరు 13 వరకు భద్రతా నవీకరణలు అందే పొడిగింపు పథకాన్ని ఆ సంస్థ ప్రకటించింది. దానివల్ల కొంత వ్యవధి దొరుకుతుందే తప్ప, అప్‌గ్రేడ్ చేసుకోవలసిన అవసరం తప్పదు.

నా పొరపాటు

ఉద్యోగ విరమణ తరువాత నేను మన్ననూర్‌లో ఉంటున్నాను. నల్లమల అడవికి ముఖద్వారం లాంటి ఊరు ఇది. శ్రీశైలం వెళ్లే వాహనాలు ఇక్కడి అటవీ చెక్‌పోస్టు దాటే లోపలికి వెళ్తాయి. ఉద్యోగంలో ఉన్నప్పుడు సెలవుల్లో ఇక్కడికి వచ్చి, చుట్టుపక్కల చెంచు పెంటల్లో పెద్దవారు చెప్పిన అడవి గడ్డల పేర్లు, తేనె తీసే పద్ధతులు మూడు వేసవుల పాటు రికార్డు చేశాను. అన్నీ నా కంప్యూటర్‌లోని డీ డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయని నమ్మాను.

2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ముగిసింది. ఆ వేసవిలోనే కంప్యూటర్‌ను ఒక షాపులో ఇచ్చి కొత్త సిస్టమ్ వేయమన్నాను. ‘డీ డ్రైవ్‌లో ఉన్నవి ఏమీ కావు కదా’ అని అడిగితే, కావన్నారు. మూడో రోజు తెచ్చుకుని తెరిచి చూస్తే డీ డ్రైవే లేదు. డిస్కు మొత్తాన్ని కలిపి ఒకే భాగంగా చేసి, ఫార్మాట్ చేశారు. నేను రికార్డు చేసిన పెద్దల్లో ఇద్దరు అప్పటికే లేరు. వారి గొంతులు మరెక్కడా లేవు.

ఆ షాపు కుర్రవాడిని చాలా రోజులు తిట్టుకున్నాను. నిదానంగా ఆలోచిస్తే తప్పు ఎక్కువగా నాదే అనిపించింది. మూడు వేసవుల పనికి నా దగ్గర ఉన్నది ఒక్క ప్రతి. హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ అమ్రాబాద్ పీఠభూమి మీదే చెంచుల మధ్య తిరిగి, తాను చూసింది కాగితం మీద రాసుకున్నారు. 1943లో పుస్తకంగా అచ్చు వేయించారు. అచ్చయిన పుస్తకం ఒకచోట చినిగిపోతే మరోచోట దొరుకుతుంది. నా రికార్డింగులకు ఆ అవకాశం నేనే లేకుండా చేసుకున్నాను.

అప్‌గ్రేడ్, ఫార్మాట్ ఒకటి కావు

పై సంఘటనలో జరిగింది అప్‌గ్రేడ్ కాదు. ఈ తేడా బాగా అర్థం చేసుకోండి. ఉన్న ఇంటికే పైకప్పు మార్చడం అప్‌గ్రేడ్. గదుల్లోని సామాను కదలదు. ఇల్లు కూల్చి అదే స్థలంలో కొత్తగా కట్టడం ఫార్మాట్ చేసి ఇన్‌స్టాల్ చేయడం. సామాను ముందే బయటికి చేర్చకపోతే శిథిలాల కిందే ఉండిపోతుంది.

సాంకేతికంగా చూస్తే, అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు సెటప్ ప్రోగ్రామ్ పాత విండోస్ ఫైళ్లను ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డర్‌లోకి జరిపి, కొత్తవాటిని వాటి స్థానంలో పెడుతుంది. మీ డాక్యుమెంట్లు, ఫొటోలు సీ డ్రైవ్‌లోని ‘యూజర్స్’ ఫోల్డర్‌లో మీ పేరు కింద ఉంటాయి. వాటిని అలాగే ఉంచుతుంది. ఫార్మాట్ చేస్తే మాత్రం, ఏ ఫైలు డిస్కులో ఎక్కడ ఉందో చెప్పే పట్టికే కొత్తగా రాయబడుతుంది. పాత సమాచారం కొంత డిస్కులో మిగిలినా దానికి చిరునామా ఉండదు. దాని మీద కొత్త ఫైళ్లు పడిన కొద్దీ అదీ చెరిగిపోతుంది.

మరి డీ డ్రైవ్ సంగతేమిటి? చాలా ఇళ్లలో సీ, డీ అని కనిపించేవి రెండు డిస్కులు కావు. ఒకే గదికి మధ్యలో కట్టిన అడ్డుగోడ అది. డిస్కు పాడైతే రెండూ పోతాయి. అడ్డుగోడ తీసేసినా అంతే. డీ డ్రైవ్‌లో పెట్టడం బ్యాకప్ కాదు. ఈ ఒక్క విషయం ఎవరైనా నాకు 2014కు ముందు చెప్పి ఉంటే బాగుండేది.

బ్యాకప్ తీసుకోవడం

అప్‌గ్రేడ్‌లో ఫైళ్లు పోవు అన్నాను కదా, మరి బ్యాకప్ ఎందుకు? పని మధ్యలో కరెంటు పోవచ్చు. పాత హార్డ్ డిస్కు సరిగ్గా ఆ గంటలోనే మొరాయించవచ్చు. కాబట్టి ముఖ్యమైన ప్రతి ఫైలుకు కంప్యూటర్‌కు బయట కనీసం ఒక ప్రతి ఉండాలి. రెండు ఉంటే మంచిది. ఒకటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో, మరొకటి ఆన్‌లైన్‌లోనో బంధువుల ఇంట్లోనో ఉంచండి. గూగుల్ ఖాతాతో 15 జీబీ, వన్‌డ్రైవ్‌లో 5 జీబీ ఉచితంగా లభిస్తాయి. ఫొటోలన్నిటికీ అది చాలదు గాని సర్టిఫికెట్లు, అసైన్‌మెంట్లు, పొలం పాసుపుస్తకం స్కాన్లకు చాలా ఎక్కువ.

ముందుగా మీ ఫైళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే ఉన్నాయి. బీకాం విద్యార్థులు టాలీ నేర్చుకుంటూ చేసిన కంపెనీ డేటా ఎక్కడో మరో ఫోల్డర్‌లో ఉంటుంది. టాలీలోనే ఉన్న బ్యాకప్ సదుపాయంతో దాన్ని తీసుకోండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, బుక్‌మార్కులు కూడా చూసుకోండి. వన్‌డ్రైవ్ వాడేవారు ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉందేమో గమనించండి. ఆ గుర్తు ఉంటే ఫైలు మీ కంప్యూటర్‌లో లేదని, ఆన్‌లైన్‌లో మాత్రమే ఉందని అర్థం.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేటప్పుడు ఒక పెద్ద వీడియో దగ్గర ఆగిపోతే కంగారు పడకండి. చాలా పెన్‌డ్రైవ్‌లు ‘ఫ్యాట్ 32’ పద్ధతిలో ఉంటాయి. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్లి వీడియోలు తరచు దాటుతాయి. ఖాళీ పెన్‌డ్రైవ్‌ను ‘ఎక్స్ ఫ్యాట్’ పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. ఇక్కడ ఫార్మాట్ చేస్తున్నది పెన్‌డ్రైవ్‌నేనా అని రెండుసార్లు చూసుకోండి.

కాపీ అయింది అనుకోవడం వేరు, అయిందని చూసుకోవడం వేరు. అసలు ఫోల్డర్ మీద, కాపీ మీద కుడి బటన్ నొక్కి ‘ప్రాపర్టీస్’లో ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిపోల్చండి. తరువాత ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి పది ఫైళ్లయినా తెరిచి చూడండి. మీ అధ్యయన కేంద్రంలోని కంప్యూటర్ ఇందుకు పనికొస్తుంది.

తెలుగు ఫైళ్ల సంగతి

ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకని సమస్య ఒకటి మనకు ఉంది. ఫైలు పోదు, తెరుచుకుంటుంది కూడా. కాని లోపల తెలుగు ఉండదు. అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి.

కారణం ఇది. కంప్యూటర్ అక్షరాలను సంఖ్యలుగా దాచుకుంటుంది. యూనికోడ్ పద్ధతిలో ‘అ’కు 3077, ‘క’కు 3093 అని ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు చేరింది. కాని డీటీపీ సెంటర్లలో చాలాకాలం నడిచింది అను ఫాంట్ల వంటి పాత పద్ధతి. 65 అనే సంఖ్య నిజానికి ఇంగ్లీషు పెద్ద ‘ఎ’ది. పాత ఫాంట్లు అలాంటి గడుల్లో ఇంగ్లీషు అక్షరాలకు బదులు తెలుగు అక్షరాల ముక్కలు, గుణింతాలు, ఒత్తుల బొమ్మలు పెట్టాయి. అంటే ఫైలులో ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే. వాటిని తెలుగుగా చూపించేది ఫాంటు. ఫాంటు మీ ఫైలులో ఉండదు, విండోస్ లోపలి ‘ఫాంట్స్’ ఫోల్డర్‌లో ఉంటుంది. ఉన్న సిస్టమ్ మీదే అప్‌గ్రేడ్ చేస్తే ఆ ఫాంటు సాధారణంగా నిలుస్తుంది. ఫార్మాట్ చేస్తే పోతుంది. డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకున్నవారికి అప్పుడు తాళం చెవి లేని పెట్టె మిగులుతుంది.

అందుచేత మీ ఊరి చరిత్రో, తాతగారి పద్యాలో, ప్రాజెక్టు నివేదికో పాత ఫాంట్లలో ఉంటే ముందు ఆ ఫాంట్లను కూడా బ్యాకప్‌లోకి కాపీ చేయండి. కీబోర్డు సాఫ్ట్‌వేర్ సీడీ, లైసెన్సు వివరాలు దాచుకోండి. ముఖ్యమైనవాటిని ఇప్పుడే పీడీఎఫ్‌గా మార్చండి, రూపం చెదరదు. అయితే ఇలాంటి పీడీఎఫ్ చదువుకోవడానికే. అందులోంచి వాక్యం కాపీ చేస్తే మళ్లీ ఆ పిచ్చి అక్షరాలే వస్తాయి. శాశ్వత పరిష్కారం యూనికోడ్‌లోకి మార్చడం. మార్పిడి సాధనాలు దొరుకుతాయి గాని ఒత్తుల దగ్గర తడబడతాయి. మార్చిన తరువాత ఒకసారి పూర్తిగా చదివి దిద్దుకోక తప్పదు.

అప్‌గ్రేడ్ చేసే రోజు

మీ కంప్యూటర్ విండోస్ 11కు తగినదేనా అని ‘పీసీ హెల్త్ చెక్’ అనే ఉచిత ప్రోగ్రామ్ చెబుతుంది. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, మైక్రోసాఫ్ట్ జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచి పనికొస్తాయి. ‘సిస్టమ్ టైప్’ దగ్గర 32 బిట్ అని ఉంటే ఫైళ్లు ఉంచుకుంటూ అప్‌గ్రేడ్ చేసే దారి లేదు. విండోస్ 11 కంప్యూటర్లకు 64 బిట్‌లోనే వస్తుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేయవలసిందే. అప్పుడు మీకు మిగిలేది పైన చెప్పిన బ్యాకప్ మాత్రమే.

డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో సెట్టింగుల్లో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కాగితం మీద రాసుకోండి. మధ్యలో కంప్యూటర్ ఆ కీ అడిగి, అది మీ దగ్గర లేకపోతే మీ డిస్కు మీకే తెరుచుకోదు.

డౌన్‌లోడ్ 5 జీబీ పైనే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో కుదరదు. మా ఊరి దగ్గర అడవిలోకి కొంచెం వెళ్తే సిగ్నలే ఉండదు. అచ్చంపేటలాంటి చోట బ్రాడ్‌బ్యాండ్ ఉన్న మిత్రుల ఇంట్లో ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి దింపుకుని తెచ్చుకోవడం సులువు. సీ డ్రైవ్‌లో పాతిక ముప్పై జీబీ ఖాళీ చేసుకోండి. వేసవి చివర గాలివానల రోజుల్లో సాయంత్రం పూట ఈ పని పెట్టుకోకండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉంచి చార్జర్ తగిలించండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి.

ఐఎస్ఓ ఫైలును విండోస్ నడుస్తుండగానే తెరిచి, ‘సెటప్’ను నొక్కండి. పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను బూట్ చేయవద్దు. ఆ దారి డిస్కు భాగాలను తుడిచే తెరకు తీసుకుపోతుంది. కొంతసేపటికి ఏమి ఉంచాలో అడుగుతుంది. ‘కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్’ అనే మొదటి వరుసను ఎంచుకోండి. రెండోది ఫైళ్లను ఉంచి ప్రోగ్రాములను తీసేస్తుంది. ‘నథింగ్’ జోలికి వెళ్లవద్దు. మొదటి వరుస మసకగా కనిపించి నొక్కుడు పడకపోతే అక్కడే ఆగి బయటికి రండి. ఎక్కువసార్లు కారణం భాష: మీ విండోస్ అమెరికన్ ఇంగ్లీషులో ఉండి, తెచ్చుకున్నది ఇంటర్నేషనల్ ఇంగ్లీషు కూర్పు అయితే అలా జరుగుతుంది. సరైన కూర్పు తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టండి. తరువాత గంటో రెండు గంటలో, పాత డిస్కయితే ఇంకా ఎక్కువో పడుతుంది. పలుమార్లు ఆగి మొదలవుతుంది. తెర నల్లబడిందని పవర్ బటన్ నొక్కకండి.

షాపులో ఇచ్చేవారు ఈ మాట స్పష్టంగా చెప్పండి: ‘అన్నా, ఫార్మాట్ కొట్టొద్దు, ఉన్నదాని మీదనే అప్‌గ్రేడ్ చెయ్యి. అట్ల కాకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను వచ్చినంకనే ముట్టుకో.’

కంప్యూటర్ విండోస్ 11కు తగదని తేలితే పారేయనక్కరలేదు. లైనక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలు పాత యంత్రాల మీద చక్కగా నడుస్తాయి. సీ డాక్ సంస్థ తయారు చేసిన బాస్ లైనక్స్‌లో తెలుగు కూడా ఉంది. అయితే విండోస్ నుంచి లైనక్స్‌కు మారడం ఇల్లు కూల్చి కట్టడమే. బ్యాకప్ చూసుకున్నాకే మొదలుపెట్టండి. టాలీ, పేజ్‌మేకర్ వాడేవారు మారకముందు ఆలోచించుకోవాలి.

కొత్త సిస్టమ్ నచ్చకపోయినా, ప్రింటర్ పనిచేయకపోయినా పది రోజుల లోపు ‘గో బ్యాక్’ ద్వారా పాతదానికి తిరిగి వెళ్లవచ్చు. ఆ పది రోజులూ ‘విండోస్ డాట్ ఓల్డ్’ను తొలగించకండి. మొదట రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో ఫోల్డర్ తెరిచి చూడండి, తెలుగు ఫైళ్లు చదవగలుగుతున్నారో లేదో చూడండి. అంతవరకు బ్యాకప్ డిస్కును మరో పనికి వాడకండి.

అభ్యాసం

1. మీ కంప్యూటర్‌లో సీ, డీ డ్రైవ్‌లు ఒకే డిస్కులోని భాగాలా, వేరు వేరు డిస్కులా? ‘డిస్క్ మేనేజ్‌మెంట్’లో చూసి రాయండి.

2. మీ తెలుగు ఫైళ్లలో ఏవి యూనికోడ్, ఏవి పాత ఫాంట్లు? ఒక వాక్యాన్ని ఫోన్‌లోకి పంపి తెలుగుగా కనిపిస్తుందో లేదో పరీక్షించండి.

3. ఈ రాత్రి మీ డిస్కు పాడైతే తిరిగి సంపాదించలేని ఫైళ్లు ఏవి? వాటి రెండో ప్రతి ఎక్కడ ఉందో పక్కన రాయండి.