సింకులో పడిన ముక్కుపుల్ల

బయ్యారంలో ఒక ఇల్లు అనుకుందాం. కోడలు వంటింట్లో గిన్నెలు తోముతున్నది. మొహం కడుక్కుంటుంటే ముక్కుపుల్ల ఊడి సింకులో పడింది. నీళ్లతో పాటు లోపలికి పోయింది.

"అత్తమ్మా! నా ముక్కుపుల్ల పోయింది" అని కోడలు ఏడ్చింది. మిరపకాయలు ఏరిన కూలి డబ్బులు కూడబెట్టి కొన్న బంగారం అది.

"ఏడవకు బిడ్డా. ముందు నల్లా కట్టెయ్యి. ఒక్క చుక్క నీళ్లు కూడా పోయకు" అన్నది అత్త.

అత్త చెప్పింది సరైన మాట. ఎందుకో చూద్దాం.

వంపులో ఏముంది?

చాలా సింకుల కింద గొట్టం తిన్నగా ఉండదు. ఒక చోట వంపు ఉంటుంది. కొన్నిటికి వంపు బదులు చిన్న డబ్బా ఉంటుంది. దీన్ని ట్రాప్ అంటారు. ఇందులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉంటుంది. ఆ నీరు మూతలా పని చేస్తుంది. మురికి కాలువ కంపును, పురుగులను ఇంట్లోకి రానీయదు. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాలు చేసే ఆయన, ఇలాంటి వంపు గొట్టాన్ని మరుగుదొడ్డికి అమర్చాడు.

స్వచ్ఛమైన బంగారం నీటి కంటే సుమారు 19 రెట్లు బరువు. వెండి 10 రెట్లు పైనే. అందుకే బంగారు వస్తువు వంపులో అడుగుకు దిగి ఆగుతుంది. మళ్లీ నీళ్లు గట్టిగా పోస్తే ముందుకు కొట్టుకుపోవచ్చు.

ఎలా తీయాలి?

1. నల్లా కట్టండి. సింకు వాడవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

2. టార్చిలైటు వేసి చూడండి. పుల్లతో పొడవకండి. వస్తువు ఇంకా లోపలికి పోతుంది.

3. ట్రాప్ కింద బకెట్ పెట్టండి.

4. ట్రాప్ నట్టును సీసా మూత తిప్పినట్టు మెల్లగా తిప్పండి. ప్లాస్టిక్‌ది అయితే బలం పెట్టకండి, పగులుతుంది. లోపలి రబ్బరు వాషరు జాగ్రత్త.

5. ట్రాప్‌లోని నీళ్లను, బురదను జల్లెడలో గానీ పాత గుడ్డలో గానీ వడపోయండి. బకెట్ నీళ్లు అదే సింకులో పారబోయకండి. కింద గొట్టం ఊడి ఉన్నది కదా!

6. మళ్లీ వాషరు పెట్టి బిగించండి. నీళ్లు పోసి కారుతుందేమో చూడండి.

కొన్ని ఇళ్లలో ట్రాప్ ఉండదు. గొట్టం నేరుగా బయటి మోరీలోకి పోతుంది. అప్పుడు గొట్టం చివర జల్లెడ కట్టి, తర్వాతనే నీళ్లు పోయండి.

అయస్కాంతం పనికొస్తుందా?

బయ్యారం అంటే ఇనుప ఖనిజం గుర్తుకొస్తుంది. ఇనుము అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇనుప తాళంచెవి పడితే దారానికి అయస్కాంతం కట్టి తీయవచ్చు. బంగారం, వెండి, ఇత్తడి మాత్రం అంటుకోవు.

ఈ పనులు చేయకండి

గొట్టంలో యాసిడ్ పోయకండి. చేతులు, కళ్లు కాలుతాయి. యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిస్తే విషవాయువు పుడుతుంది. ముందే యాసిడ్ పోసి ఉంటే గొట్టం విప్పకండి.

వస్తువు సెప్టిక్ ట్యాంకులోకి పోయిందా? అయితే వదిలేయండి. లోపల విషవాయువులు ఉంటాయి. దిగిన మనిషి క్షణాల్లో పడిపోవచ్చు. కాపాడబోయి దిగినవాళ్లూ చనిపోతున్నారు. కూలి ఇస్తామని ఎవరినీ దించకండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించి ట్యాంకు శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారి చేసినా 2 ఏళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ముక్కుపుల్ల మళ్లీ కొనుక్కోవచ్చు. పోయిన ప్రాణం రాదు.

అత్తాకోడళ్లు ట్రాప్ విప్పారు. బురదను గుడ్డలో వడపోశారు. మెతుకుల మధ్య ముక్కుపుల్ల తళుక్కుమన్నది.

"రేపే సింకుకు జాలీ కొందాం అత్తమ్మా" అన్నది కోడలు.

ఆలోచించండి - చెప్పండి

1. అత్త ముందుగా నల్లా ఎందుకు కట్టమన్నది?

2. మీ ఇంటి సింకు నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? వెళ్లి చూసి రాయండి.

3. సెప్టిక్ ట్యాంకులోకి ఎవరినీ ఎందుకు దించకూడదు?