థైరాయిడ్ రుగ్మతలు: రక్తపరీక్ష నివేదికను చదవడం

థైరాయిడ్ నివేదికలో టి.ఎస్.హెచ్. ఎక్కువగా కనిపిస్తే గ్రంథి ఎక్కువగా పనిచేస్తోందని చాలామంది భావిస్తారు. సాధారణంగా వాస్తవం దీనికి విరుద్ధం. ఇది బోధపడితే మిగిలిన విషయం సులభం.

మెడ ముందుభాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే అవటు గ్రంథి గురించి మీరు పాఠశాలలో చదివే ఉంటారు. దీన్నే థైరాయిడ్ అంటున్నాం. ఇది అయోడిన్‌ను ఉపయోగించుకొని ప్రధానంగా థైరాక్సిన్ అనే హార్మోన్‌ను స్రవిస్తుంది. టి.ఎస్.హెచ్. మాత్రం దీని స్రావం కాదు. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి దీనికి పంపే ఆజ్ఞ. పని సాగకపోతే మేస్త్రీ గొంతు పెంచినట్లే, రక్తంలో థైరాక్సిన్ తగ్గితే పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్.ను పెంచుతుంది. థైరాక్సిన్ మితిమీరితే తగ్గించేస్తుంది.

కాబట్టి టి.ఎస్.హెచ్. ఎక్కువగా, థైరాక్సిన్ తక్కువగా ఉంటే అది హైపోథైరాయిడిజం. నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, నెలసరి క్రమం తప్పడం దీని లక్షణాలు. బరువు కొంత పెరగవచ్చు గాని, స్థూలకాయం మొత్తాన్నీ థైరాయిడ్ మీదికి నెట్టడం సరికాదు. హైపర్‌థైరాయిడిజంలో ఇందుకు భిన్నంగా, బాగా తింటున్నా బరువు తగ్గుతారు, గుండెదడ, చేతుల వణుకు ఉంటాయి. థైరాక్సిన్ సరిగానే ఉండి టి.ఎస్.హెచ్. కొద్దిగా పెరిగితే అందరికీ మందు అవసరం ఉండదు. వైద్యులు కొంతకాలం తరువాత మళ్ళీ పరీక్షిస్తారు.

అయోడిన్ ఉప్పు ఎక్కువగా తింటే నయమవుతుందా? కాదు. అయోడిన్ ఉప్పు వాడే ప్రాంతాల్లో హైపోథైరాయిడిజానికి ముఖ్య కారణం హషిమోటో వ్యాధి. జపాన్ శస్త్రవైద్యుడు హకారు హషిమోటో 1912లో దీన్ని వర్ణించాడు. ఇందులో శరీర రక్షణ వ్యవస్థే గ్రంథిపై దాడి చేస్తుంది. ఇది స్త్రీలలోనే ఎక్కువ.

చికిత్స లీవోథైరాక్సిన్ మాత్ర. ఉదయం పరగడుపున నీళ్ళతో వేసుకొని, కాఫీ, టీలకైనా కనీసం అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. రక్తంలో థైరాక్సిన్ సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. అందుకే మోతాదు మార్చాక 6 నుంచి 8 వారాలకు గాని తిరిగి పరీక్షించరు. అప్పుడు నివేదిక సరిగా వచ్చిందని సొంతంగా మాత్ర మానేయకండి. సరిగా వచ్చింది ఆ మాత్ర వల్లనే.

గర్భిణుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బిడ్డకు హాని జరుగుతుందేమోనని ఇంట్లో పెద్దలు మాత్ర మాన్పించడం కద్దు. నిజానికి మొదటి మూడు నెలల్లో పిండం మెదడు ఎదుగుదల తల్లి థైరాక్సిన్ మీదనే ఆధారపడుతుంది. ఈ దశలో మోతాదు తరచు పెంచవలసి వస్తుంది గనుక, గర్భం నిర్ధారణ కాగానే మాత్ర కొనసాగిస్తూ వైద్యులను కలవాలి.